కోడిపుంజు ముద్ర

"ఒట్టు పెట్టు నుంజియా. పెట్టకపోతే ఇప్పుడే ఈ పెట్టె పట్టుకుని బారీ వెళ్లే బస్సెక్కుతాను."

మద్దలేనా అన్నంత పనీ చేసే మనిషి. పెట్టె అప్పటికే వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. పై కోటు కూడా వేసుకుంది. జూన్ నెల ఎండలో ఆ కోటేమిటని అడిగే ధైర్యం చెల్లెలికి లేదు.

పొయ్యి మీద కాఫీ పొంగి పక్కకు కారుతోంది. మాడు వాసన వేస్తోంది. నుంజియా కదల్లేదు.

"మెల్లగా అక్కా. పిల్లలు పైన లేచినట్టున్నారు."

"పిల్లలా? స్టెఫాన్‌కి యాభై దాటాయి. నెత్తిన వెంట్రుక లేదు. వాడి ముందు, వాడి పెళ్లాం ముందు, ఈ వయసులో నన్ను అబద్ధాలకోరుని చేస్తావా?"

"నేను చేసేదేముంది? చేసుకున్నది నువ్వు."

మాట జారాక నుంజియా నాలిక కరుచుకుంది. అక్క ముఖం వైపు చూడలేక కాఫీ దించింది. రెండు చిన్న కప్పుల్లో పోసింది. రెండూ బల్ల మీదే చల్లారిపోయాయి.

అరవై ఏళ్లు కావస్తోంది మద్దలేనా జర్మనీ వెళ్లి. కార్ల కర్మాగారంలో పనికని వెళ్లి, అక్కడి ఫోర్‌మన్ హోర్స్ట్‌ని చేసుకుని ఉండిపోయింది. మధ్యలో ఒక్కసారి, అమ్మ పోయినప్పుడు, ఒంటరిగా వచ్చి రెండో రోజునే వెళ్లిపోయింది. ఇప్పుడు కొడుకు స్టెఫాన్, కోడలు హైకే సెలవులకు ఇటలీ అంతా చూడాలని బయలుదేరి, అమ్మ పుట్టిన ఊరు చూడకపోతే ఎలాగని ఆమెను కూడా వెంటబెట్టుకు వచ్చారు. హోర్స్ట్ మోకాలి నొప్పితో జర్మనీలో ఇంట్లోనే ఆగిపోయాడు.

వచ్చిన రోజున నుంజియా కొడుకు ఎవుస్తాకియో కారులో పెద్ద చౌకు మీదుగా వస్తుంటే స్టెఫాన్ అడిగాడు, "ఏదమ్మా మీ బాల్కనీ ఇల్లు?" అని.

మద్దలేనా తడుముకోలేదు. "అదిగో" అని వేలు చూపించింది. అది మందుల షాపు వాళ్ల మేడ. స్టెఫాన్ కారు ఆపించి, భార్యని ఆ మేడ ముందు నిలబెట్టి ఫోటో తీశాడు. వెనక సీట్లో కూర్చున్న నుంజియా తన మోకాళ్లు చూసుకుంది.

వాళ్లకి బాల్కనీ ఎక్కడిది? అక్కాచెల్లెళ్లిద్దరూ పుట్టింది కొండ దిగువన సాస్సిలో, రాతిని తొలిచిన ఒక్క గది ఇంట్లో. ఆ గదిలోనే అమ్మా నాన్నా, అయిదుగురు పిల్లలు, వెనక కంచరగాడిద, మంచం కింద కోళ్లు. తరవాత ప్రభుత్వం వాళ్లందరినీ పైకి తెచ్చి కొత్త పేటల్లో పెట్టింది. ఈ సెర్రా వెనెర్దీ ఇల్లు అలా నాన్నకి వచ్చిందే.

"మా అత్తగారు అడిగింది నుంజియా, మొదటిసారి వాళ్లింటికి వెళ్లినప్పుడు." మద్దలేనా గొంతు తగ్గింది. "చేతిలో కేకు ముక్క పట్టుకుని అడిగింది. 'మీ వైపు జనం పశువులతో కలిసి పడుకుంటారటగా, నిజమేనా?' అని. ఏం చెప్పను? 'మాది కాదండీ, మాకు చౌకులో బాల్కనీ ఉన్న ఇల్లు' అన్నాను. అంతే. ఒక్క మాట. తరవాత ఆ బాల్కనీకి మెట్లు వచ్చాయి, పూలకుండీలు వచ్చాయి. హోర్స్ట్ నిజమని నమ్మి, నాకు ఇంటి మీద బెంగ ఉండకూడదని సెలవుల్లో కూర్చుని తన చేతులతో బాల్కనీ కట్టాడు. ఎర్ర పూలు పెట్టాడు. ప్రతి పొద్దున్నా అక్కడే కాఫీ ఇస్తాడు. ఇప్పుడేం చెప్పమంటావు ఆయనకి?"

నుంజియా పొయ్యి మీద కారిన కాఫీ తుడిచింది. ఆమెకు అక్క మీద కోపం ఉంది, దానికి రెండింతలు భయం ఉంది. ఈ పెట్టె గుమ్మం దాటితే మళ్లీ రాదు. ఇద్దరి వయసూ అలాంటిది. ఇంతకుముందు అక్కని బస్సెక్కించిన రోజు, కిటికీ అద్దం మీద ఆ చెయ్యి ఇంకా ఆమె కళ్ల ముందే ఉంది.

"ఊళ్లో ఇన్ని గుహలుంటే వాడికి చూడ్డానికి మనం పుట్టిందే దొరకాలా? ఫోన్లోనే టిక్కెట్లు కొనేశాడట. 'పాతకాలంలో పేదవాళ్లు ఎలా బతికారో చూపిస్తారమ్మా' అంటాడు నాతో."

"ఇన్ని గుహల్లో చూపించడానికి మనదే ఎంచుకున్నారంటే ఊరికే కాదక్కా," అంది నుంజియా. "అమ్మ ఏటా ఈస్టర్‌కి సున్నం వేసిన గోడలవి. మనం వచ్చేసిన రోజున, గుమ్మానికి ఇటుకలు పేర్చడానికి మేస్త్రీలు బయట నిలబడి ఉంటే, అమ్మ వాళ్లని ఆపి ఇల్లంతా ఊడ్చింది. గుర్తుందా? 'మూసేసే ఇంటిని ఊడ్వడం ఎందుకమ్మా' అని వాళ్లు నవ్వారు. 'నా ఇల్లు చెత్తతో మూస్తారా' అంది."

మద్దలేనా తల తిప్పుకుంది. గుర్తుందని ఒప్పుకోలేదు.

"ఒట్టు పెడతావా, పెట్టవా?"

"నా నోటితో చెప్పను. మన ఊరి బ్రూనా మాత మీద ఒట్టు. చాలా?"

"చాలదు. ఆ సొరుగులోది ముందు తియ్యి. హైకే చెంచాల కోసం అన్ని సొరుగులూ లాగుతుంది, చూస్తే ఇదేమిటని అడుగుతుంది."

సొరుగులో ఉన్నది అమ్మ రొట్టెల పిండి మీద అచ్చు వేసే ముద్ర. అరచేతిలో పట్టే చెక్కబొమ్మ. పైన కోడిపుంజు, అడుగున నాన్న గుర్తు. పుంజుకి తోక సగమే ఉంది. నుంజియా దాన్ని రుమాలులో చుట్టింది. ఎక్కడ పెట్టాలో తోచలేదు. పై మెట్ల మీద అడుగుల చప్పుడు వినబడింది. చప్పున తన చేతి సంచిలో పడేసింది.

"అందరికీ శుభోదయము!" హైకే వచ్చింది. ఈ ప్రయాణం కోసం రెండేళ్లు సాయంకాలపు తరగతులకు వెళ్లి ఇటాలియన్ నేర్చుకుంది. అందుకే ఆమె మాట్లాడితే పాఠ్యపుస్తకం మాట్లాడినట్టుంటుంది. "నుంజియా గారూ, నేను మిక్కిలి బాగుగా నిద్రించితిని. మద్దలేనా, నీవు కోటును ఏల ధరించితివి?"

కోడలు అత్తని పేరు పెట్టి పిలిచినప్పుడల్లా నుంజియాకు ఒళ్లు ఝల్లుమంటుంది. మద్దలేనా మాత్రం అలవాటైనదానిలా కోటు విప్పి కుర్చీకి తగిలించింది.

పెట్టెని కాలితో మెల్లగా బల్ల కిందకి తోసింది.

*

"పెద్దమ్మా, మీ బాల్కనీ మీద మందుల షాపాయన లాగులు ఆరేశాడు. చూసుకున్నారా?"

ఎవుస్తాకియోకి ఊరుకోవడం చేతకాదు. స్టెఫాన్, హైకే చర్చి ముందు ఫోటోలు తీసుకుంటుంటే ఇటువైపు వచ్చి చెవిలో ఊదాడు. నుంజియా కొడుకుని మోచేత్తో పొడిచింది.

"నవ్వరా, నవ్వు. మీ అమ్మ పెంపకం అలాగే ఏడిసింది," అంది మద్దలేనా.

"మా అమ్మ పెంపకానికేం? గుహలో పుట్టింది, గుహలో పుట్టానని చెప్పుకుంది. నేను స్కూల్లో కూడా అదే చెప్పుకున్నాను. మా టీచరు నన్ను అందరి ముందూ నిలబెట్టి..."

"ఎవుస్తాకియో!" నుంజియా గట్టిగా అంది. "పో. వాళ్లకి నీళ్ల సీసాలు ఇచ్చిరా."

చర్చి మెట్ల మీద నుంచి చూస్తే దిగువంతా కనిపిస్తుంది. ఒకదాని నెత్తిన ఒకటి పేర్చినట్టు ఇళ్లు, ఒకరి పైకప్పు మీద ఇంకొకరి దారి, అవతల లోయ, లోయకి అటు గోడలో చీకటి నోళ్లు తెరిచిన గుహలు. ఎండ పడి రాయంతా తేనె రంగులో ఉంది. ఎక్కడెక్కడి మనుషులో గుంపులు గుంపులుగా నిలబడి, నోట మాట లేకుండా చూస్తున్నారు.

అలా ఎవరైనా చూస్తున్నప్పుడు నుంజియాకు వెన్ను దానంతటదే నిటారు అవుతుంది. వాళ్ల దగ్గరికి వెళ్లి, అదిగో ఆ మూడో వరసలో, అత్తిచెట్టు మొలిచిన గోడ పక్కన మా ఇల్లు అని చెప్పాలనిపిస్తుంది. ఏనాడూ ఎవరికీ చెప్పలేదు. ఈ రోజు చెప్పవలసిన వాళ్లు పక్కనే ఉన్నారు. నోటికి ఒట్టు.

హైకే చేతిలోని పుస్తకం చూస్తూ చదివింది. "ఇచట ప్రజలు పశువులతో నివసించిరి. ఈ స్థలమును దేశమునకు సిగ్గుగా ఆనాటి పెద్దలు పిలిచిరి."

"ఎవరి సిగ్గు?" అంది నుంజియా.

హైకే తలెత్తింది. "క్షమించుడు?"

"అక్కడున్న వాళ్లదా, వాళ్లని అక్కడ అలా వదిలేసిన వాళ్లదా? పుస్తకంలో అది రాశారా?"

మద్దలేనా దగ్గింది. ఎండలో ఆ దగ్గు ఎందుకొచ్చిందో నుంజియాకు తెలుసు. హైకే పుస్తకం పేజీ తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పి, "రాయలేదు" అని మెల్లగా చెప్పింది. పుస్తకం మూసి సంచిలో పెట్టేసింది. ఆ తరవాత దాన్ని బయటకు తియ్యలేదు.

దిగువకి మెట్లు దిగుతుంటే స్టెఫాన్ తల్లి చెయ్యి పట్టుకున్నాడు. మంచి పిల్లాడు. తల్లి కాలు ఎక్కడ పెడుతుందో ముందు తన కాలు పెట్టి చూస్తున్నాడు.

"అమ్మా, మీరు పైన చౌకులో ఉండేవాళ్లు కదా. చిన్నప్పుడు ఇటువైపు ఎప్పుడైనా దిగేవాళ్లా?"

మద్దలేనా తడబడింది. "అప్పుడప్పుడు."

"దేనికి?"

"గుడ్లు కొనడానికి. ఇక్కడి వాళ్లు గుడ్లు అమ్మేవాళ్లు."

నుంజియా గోడ పట్టుకుని ఆగిపోయింది. గుడ్లు అమ్మింది అమ్మ. గంపలో గడ్డి పరిచి, గుడ్లు పేర్చి, ఈ మెట్లన్నీ ఎక్కి, చౌకులో ఆ మేడల తలుపులు తట్టింది అమ్మ. ఆ గంపకి రెండో పక్క పట్టుకుని ఎక్కింది మద్దలేనా.

"పిన్నీ, అలిసిపోయావా?" స్టెఫాన్ వెనక్కి తిరిగాడు.

"లేదు నాయనా. చెప్పులో రాయి పడింది."

అక్క ముఖం పాలిపోయి ఉంది. చెల్లెలి వైపు చూడలేదు. స్టెఫాన్ చెయ్యి పట్టుకుని మిగతా మెట్లన్నీ దిగింది.

*

ఆ ఇంటి ముందు చిన్న వాకిలి. నాలుగైదు ఇళ్ల గుమ్మాలు ఆ ఒక్క వాకిట్లోకే తెరుచుకుంటాయి. మధ్యలో నీళ్ల తొట్టి మూత. ఇక్కడే బట్టలుతికారు, ఇక్కడే పోట్లాడుకున్నారు, ఇక్కడే పెళ్లిళ్లు చేశారు. ఇప్పుడు తాడు కట్టి జనాన్ని వరసలో నిలబెట్టారు.

నుంజియా ఈ వాకిట్లోకి చాలాసార్లు వచ్చింది. లోపలికి మాత్రం వెళ్లలేదు. తన ఇంటి ముందు వరసలో నిలబడి, ఎవరో రమ్మంటే వెళ్లడం ఆమె వల్ల కాలేదు. ఈ రోజు అక్క వెనక నిలబడింది కాబట్టి సరిపోయింది.

గుమ్మం దగ్గర మొదటి మెట్టు అరిగి ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. ముందున్న వాళ్లంతా దాని మీద తూలారు. స్టెఫాన్ తూలాడు, హైకే తూలింది. మద్దలేనా చూడకుండానే దాన్ని వదిలేసి రెండో మెట్టు మీద కాలు పెట్టి లోపలికి వెళ్లిపోయింది. ఎవుస్తాకియో అది చూసి తల్లికి కన్ను గీటాడు. నుంజియా చూడనట్టు నటించింది.

లోపల చల్లగా ఉంది. ఆ చల్లదనం మొదట ఆమె మోకాళ్లకి తెలిసింది. తరవాత ముక్కుకి, రాతి వాసన. ఆ తరవాత కళ్లు అలవాటుపడ్డాయి.

గోడలు తెల్లగా ఉన్నాయి. ఎవరో సున్నం వేయించారు. అమ్మ చూస్తే బాగుందనేది.

ఎత్తు మంచం. మొక్కజొన్న పొట్టు పరుపు. మంచం పైన కప్పు నుంచి తాళ్లతో వేలాడే ఉయ్యాల. మూల పొయ్యి. చిన్న బల్ల మీద ఒకే ఒక్క పెద్ద పళ్లెం. వెనక చీకట్లో చెక్కతో చేసిన కంచరగాడిద బొమ్మ. స్టెఫాన్ వంగి వంగి చూస్తున్నాడు. హైకే నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"ఏడుగురు," అంది గైడు. ఆమె పేరు జినెవ్రా. ఇరవై ఏళ్లుంటాయేమో, మాట నెమ్మది. "ఇంట్లో ఉన్నది ఏడుగురు. అందరూ ఈ ఒక్క పళ్లెంలోనే తినేవాళ్లు. ఎవరి వైపు నుంచి వాళ్లు."

"అంత పేదరికమా," అన్నాడు స్టెఫాన్. జాలిగానే అన్నాడు.

మద్దలేనా పెదవి బిగించింది. రెండు చేతులూ చేతి సంచి మీద పెట్టుకుని, చర్చిలో పరాయి వాళ్ల పెళ్లికి వచ్చినదానిలా నిలబడింది. నుంజియా ఆమె పక్కన నిలబడి, ఇంకొక్క అయిదు నిమిషాలు, బయటపడిపోతాం, అక్క ఉండిపోతుంది అనుకుంది. అలా అనుకున్నందుకు ఆమెకే సిగ్గేసింది. అమ్మ ఇంట్లో నిలబడి అమ్మని ఎరగనట్టు ఉండటం. ఇంతకన్నా దిగజారడం ఏముంటుంది?

"పొయ్యి పైన గోడకి ఉన్నది ఏమి?" హైకే అడిగింది.

"రొట్టెల ముద్ర," జినెవ్రా నవ్వింది. "అందరూ ఇంట్లో పిండి పిసికి, రొట్టెలు వీధి బట్టీకి పంపేవాళ్లు. అన్నీ ఒక్కచోటే కాల్చేవాళ్లు కదా, ఎవరివో తెలియాలి. అందుకని పచ్చి పిండి మీద ఇంటి గుర్తు వేసేవాళ్లు. ఇది ఈ ఇంటి వాళ్లది. తాళంచెవి గుర్తు. చూడండి, ఎంత అందంగా చెక్కారో. చెలెస్తినా అనే ఆవిడది. ఆవిడ మనవళ్లు ఇచ్చారు. ఈ ఇంట్లో రొట్టెలు చేసింది ఆవిడే."

"ఎవరూ?"

అడిగింది మద్దలేనా. నుంజియా అక్క ముంజేయి పట్టుకుంది. మద్దలేనా విదిలించుకుంది.

"ఎవరి రొట్టెలన్నావమ్మా?"

"చెలెస్తినా గారని..."

"చెలెస్తినాదా ఈ ఇల్లు?" గొంతు కప్పుకి తగిలి తిరిగొచ్చింది. జర్మనీలో ఇన్నేళ్లు దాచిపెట్టిన వాకిలి గొంతు అది. "ఎదురిల్లు చెలెస్తినాది! అదిగో, ఆ మసిపట్టిన కొంప. దాని రొట్టె ఎప్పుడైనా పొంగిందా? బట్టీలోంచి తీస్తే రాయి. దాని మొగుడికి ముందు పళ్లు రెండూ ఆ రొట్టె వల్లే ఊడాయి. ఊరంతటికీ తెలుసు! దాని ముద్ర తెచ్చి మా అమ్మ పొయ్యి మీద వేలాడదీస్తారా?"

మా అమ్మ.

మాట గదిలో నిలబడిపోయింది. ఎవుస్తాకియో నవ్వబోయి, తల్లి ముఖం చూసి మానేశాడు.

జినెవ్రా చిన్నబోలేదు. రెండడుగులు దగ్గరికి వచ్చింది. "అమ్మమ్మా, మాకు ముద్ర ఒక్కటి దొరికింది, ఇక్కడ పెట్టాం. ఇంటి వాళ్లెవరో చెప్పేవాళ్లు మాకు దొరకలేదు. తప్పయితే దించేస్తాను. మీకెలా తెలుసు?"

మద్దలేనా నోరు తెరిచి మూసింది. కళ్లు గిర్రున తిరిగి చెల్లెలి మీద ఆగాయి. ఆ చూపు నుంజియాకు తెలుసు. చిన్నప్పుడు గంపలో గుడ్డు పగిలినప్పుడు అమ్మ ముందు చూసిన చూపు. ఏదో ఒకటి చెప్పు, నన్ను గట్టెక్కించు.

"అమ్మా?" అన్నాడు స్టెఫాన్.

"మేం... గుడ్లు కొనడానికి..." మద్దలేనా మొదలుపెట్టింది.

స్టెఫాన్ తల్లిని వదిలి ఇటు తిరిగాడు. "పిన్నీ, నువ్వు చెప్పు. ఎవరిది ఈ ఇల్లు?"

నుంజియా సంచిని దగ్గరికి లాక్కుంది. ఒట్టు నోటిది. నోటితో చెప్పనంది. చెబితే పెట్టె బల్ల కింద నుంచి బయటకొస్తుంది. చెప్పకపోతే చెలెస్తినా ముద్ర అక్కడే ఉంటుంది, వచ్చేపోయే వాళ్లందరికీ అమ్మ పేరు లేకుండా పోతుంది. సంచిని పైనుంచి తడిమింది. లోపల రుమాలులో పుంజు గట్టిగా వేళ్లకి తగులుతోంది.

ఆమె నోరు తెరవలేదు. సంచీ తెరవలేదు. అక్క వైపు మాత్రం చూసింది. నీ ఇష్టం అక్కా అన్నట్టు చూసింది.

మద్దలేనా ఆ చూపుని చాలాసేపు భరించింది. తరవాత గోడ మీద తాళంచెవి వైపు చూసింది. మళ్లీ చెల్లెలి వైపు.

అరచెయ్యి చాపింది.

"ఇలా తే."

"అక్కా..."

"తెమ్మంటున్నానుగా. చెలెస్తినా పేరు కింద బతకమంటావా నన్ను?"

నుంజియా రుమాలు విప్పి ముద్ర ఆ చేతిలో పెట్టింది. మద్దలేనా దాన్ని వెలుతురుకి పట్టింది. సగం తోక కోడిపుంజు.

"ఇది ఈ ఇంటి ముద్ర. మా నాన్న విటాంటోనియో చెక్కింది. ఈ తోక ఎందుకు విరిగిందో తెలుసా? చెలెస్తినా కొడుకు మా అమ్మ రొట్టెని తమదని పట్టుకుపోతుంటే, ఇదే తీసుకుని వాడి నెత్తి మీద మొట్టాను. నేనే. ఆ గుమ్మం మెట్టు మీదే. నేను జర్మనీ వెళ్లినప్పుడు అమ్మ పెట్టెలో రొట్టె పెట్టింది. దాని మీద ఈ పుంజే. కర్మాగారం కూలీల బ్యారక్‌లో అది ఎండిపోతే నీళ్లలో నానబెట్టుకు తిన్నాను. పుంజు ఉన్న ముక్క మాత్రం తినలేదు. తినలేకపోయాను."

ఆమె కొడుకు వైపు తిరిగింది. తల దించలేదు.

"పేదరికమా అన్నావుగా. అవును, పేదరికమే. అయినా ఈ వాకిట్లో మా అమ్మ రొట్టె లాంటి రొట్టె ఎవరికీ రాలేదు. ఇది నా ఇల్లు స్టెఫాన్. నేను ఇక్కడే పుట్టాను. ఆ మంచం మీద."

స్టెఫాన్ మంచం వైపు చూశాడు. ఉయ్యాల వైపు, చెక్క గాడిద వైపు చూశాడు.

"మరి ఆ బాల్కనీ?"

మద్దలేనా ముద్రని రెండు చేతులతో పట్టుకుంది.

"నా పిల్లలకి నిద్రపోయే ముందు ఆ బాల్కనీ కథే చెప్పానమ్మా. పూలకుండీలతో సహా." అతని గొంతులో కోపం లేదు. అందుకే నుంజియాకు ఎక్కువ భయం వేసింది. "గుహ అయితే నాకేంటి? గుహ అయితే నేను నిన్ను తక్కువ చేస్తాననుకున్నావా? ఇన్నేళ్లూ?"

అతను గుమ్మం వైపు నడిచాడు. అరిగిన మెట్టు మీద మళ్లీ తూలాడు. ఎవుస్తాకియో వెంట వెళ్లబోతే చెయ్యి అడ్డుపెట్టి వద్దన్నాడు.

లోపల ఎవరూ కదల్లేదు. మద్దలేనా మంచం పక్కనున్న పాతకాలపు చెక్క పెట్టె మీద కూలబడింది. నుంజియా ఆమె ముందు నిలబడింది. భుజం మీద చెయ్యి వెయ్యాలని ఉంది, వెయ్యలేకపోయింది.

హైకే మెల్లగా వచ్చి, అత్తగారి పక్కన, ఆ ఇరుకు పెట్టె మీద సర్దుకుని కూర్చుంది.

"మద్దలేనా," అంది. తరవాత ఆగి, ఏదో వెతుక్కుని, "అమ్మా" అంది. "మంచము ఇచటనే ఉండెడిదా?"

మద్దలేనా ముక్కు తుడుచుకుంది. గది కలయజూసింది.

"ఇక్కడ కాదు. తప్పు పెట్టారు. ఆ గోడవైపు. ఇటు పెడితే వాన కాలంలో తడి దిగుతుంది." చెయ్యి లేచింది. "పళ్లెం దగ్గర నాన్న అటు, అమ్మ ఇటు. నేనూ నుంజియా పొయ్యి వైపు. చిక్కుడు గింజలు ఉడికించి మెత్తగా రుబ్బి, మధ్యలో నూనె పోసేది అమ్మ. నుంజియా తన వైపున్నది వదిలేసి నా వైపు తవ్వేది."

"నేనా? నువ్వా?" అంది నుంజియా.

"నువ్వే. ఇప్పుడు కూడా చూశాను, నిన్న రాత్రి నా పళ్లెంలో వేయించిన మిరపకాయలు ఎవరు తీశారు?"

జినెవ్రా గోడ మీంచి తాళంచెవి ముద్రని దించి పక్కన పెట్టింది. ఖాళీ మేకు మిగిలింది. గుమ్మంలో ఆగిన జనం లోపలికి తొంగిచూస్తున్నారు. ఎక్కడి వాళ్లో, భాష కూడా తెలియదు. అయినా పెట్టె మీద కూర్చున్న ఆ ముసలావిడని చూసి ఒకాయన టోపీ తీసేశాడు. నుంజియా అది చూసింది. వెన్ను నిటారైంది. ఇంతమంది చూస్తుండగా మా అక్క అమ్మ ఇంట్లో, అమ్మ కూతురిగా కూర్చుంది.

"రేపు పిండి పిసుకుతాను," అంది మద్దలేనా. "ఈ ముద్రతోనే. పెద్ద రొట్టె."

"రేపు నీ ప్రయాణం కదక్కా?"

"పిండి పులవకుండా ఎలా వెళ్తాను?"

నుంజియా అక్క దగ్గరికి జరిగింది. ఏదో అనబోయింది.

అప్పుడు బయట వాకిట్లో నుంచి స్టెఫాన్ గొంతు వినబడింది. ఫోన్లో మాట్లాడుతున్నాడు, జర్మన్‌లో, త్వరత్వరగా. నుంజియాకు ఆ భాష రాదు. రెండు మాటలు మాత్రం ఆమెకీ తెలిశాయి. ఒకటి పాపా, అంటే నాన్నా అని. రెండోది బాల్కోన్.

మద్దలేనా చేతిలో పుంజు అలాగే ఆగిపోయింది. వాకిట్లో స్టెఫాన్ మాట్లాడటం ఆపాడు. అవతల హోర్స్ట్ ఏమంటున్నాడో, అతను వింటూ నిలబడ్డాడు.